అధికారము, దాని అవధి

పదిమంది జీవనమునకు ఆధారమైన శక్తిని ఒకని చేతికి అప్పగించినప్పుడు, అది వాని సొత్తగునా, లేక వానిపై మోపిన భారమగునా అను ప్రశ్న మన శాస్త్రములలో మిక్కిలి పాతది. యజ్ఞశాలలో ఋత్విక్కును గూర్చియు, రాజ్యములో మంత్రిని గూర్చియు, దేవాలయములో ధర్మకర్తను గూర్చియు మన పూర్వులు ఈ ప్రశ్ననే అడిగిరి. నేడది ఎవరును ఎదురుచూడని చోట, ఏ ఆసుపత్రిలోనో బ్యాంకులోనో మెట్లక్రింది చిన్నగదిలో ఇనుపచట్రమునకు బిగించిన నెట్‌వర్క్ స్విచ్ ముందర, ప్రతిదినమును మరల పుట్టుచున్నది. ఆ యంత్రమును నిర్వహించువారు దీనిని వేదాంతప్రశ్నగా తలపరు. పాస్‌వర్డులు, లాగిన్లు, సెషన్లు అను పేర్లతో దీనిని పరిష్కరించుకొనుచున్నారు. వారి పరిష్కారములను శ్రద్ధతో పరిశీలించినచో, అధికారమనగా నేమి, కర్త యెవడు అను విషయములలో మన ఆలోచన కొంత తేటపడునని నాకు దృఢమైన నమ్మకము కలదు.

స్విచ్ చూచుటకు 24 లేక 48 పోర్టులు గల పలుచని పెట్టె. భవనములోని కంప్యూటర్లనుండియు టెలిఫోనులనుండియు వచ్చిన తీగలు దానిలో కలియును; ఎవరి మాట ఎవరికి చేరవలెనో, ఎవరికి చేరరాదో అదియే నిర్ణయించును. దానికి తెర లేదు. దానితో పనిగలవాడు కన్సోల్ అను ద్వారమునకు తన కంప్యూటరునుండి తీగ తగిల్చియో, దూరమునుండి నెట్‌వర్క్ మార్గముననో లోపలికి ప్రవేశించి, ఒక్కొక్క పంక్తిగా ఆజ్ఞలను టైపు చేయవలెను. ఒక్క పంక్తితో ఒక పోర్టు మూతపడును. మరియొక పంక్తితో ఒక అంతస్తునకు అంతస్తే లోకముతో సంబంధము కోల్పోవును. అత్యవసరచికిత్స జరుగుచున్న గదిలోని వైద్యునికి రోగి రక్తపరీక్షాఫలితము చేరుటయు చేరకుండుటయు ఎక్కడనో కూర్చున్నవాడొకడు కొట్టిన పంక్తిపై ఆధారపడి యుండవచ్చును. ఇంతటి శక్తికి ఇంత స్వల్పమైన చేష్ట చాలును గనుకనే, ఆ చేష్ట ఎవరిదను విచారణ ఇచ్చట ఇంత తీవ్రమైనది.

సిస్కో సంస్థవారి స్విచ్చులలో ఈ అధికారమునకు 0 మొదలు 15 వరకు పదునాఱు మెట్లు కలవు. మామూలుగా ప్రవేశించినవాడు 1వ మెట్టుపై నిలుచును. యంత్రస్థితిని కొంతవరకు చూచుటకే గాని దేనిని మార్చుటకును ఆతనికి వీలులేదు. 15వ మెట్టు సర్వాధికారము. నడిమి మెట్లను, ఆ యా సంస్థల నిర్వాహకులు తమ వివేకముకొలది నింపుకొనుటకై, యంత్రనిర్మాతలు ఖాళీగా విడిచిరి. నన్ను మిక్కిలి ఆకర్షించినది 0వ మెట్టు. దానిపై నిలిచినవానికి ఐదే ఆజ్ఞలు దక్కును: పైమెట్టు నెక్కుటకు అనుమతి కోరునది ఒకటి, దిగునది ఒకటి, సహాయమడుగునది ఒకటి, వెలుపలికి పోవునవి రెండు. ఏ అధికారమును లేనివానికి గూడ అడుగుటయు, విడిచిపోవుటయు మిగిలియుండునన్న మాట. మనుష్యులు కట్టిన వ్యవస్థలలో ఈపాటి కనీసస్వాతంత్ర్యము కూడ దక్కనివారు ఎందరో కలరు.

మరియొక విశేషము. 1వ మెట్టున నున్నవానికి ప్రతి పంక్తి మొదటను బాణపుమొనవంటి గుర్తు కనబడును. 15వ మెట్టునకు ఎక్కినంతనే అది హాష్ గుర్తుగా మారును. తానిప్పుడు ఏ హోదాలో మాటలాడుచున్నాడో ప్రతి ఆజ్ఞకు ముందును వానికి జ్ఞాపకము చేయబడుచుండును. కచ్చేరీలలోను సభలలోను అధికారులు తమ సొంతకోపమును పదవి నోటితో పలుకుట మనము నిత్యము చూచుచున్నాము. అట్టివారి వాక్యముల మొదట ఇట్టి గుర్తు లేకపోవుట లోకమునకు గొప్ప నష్టము.

ఇక శాస్త్రమునకు వత్తము. జైమినిమహర్షి మీమాంసాసూత్రములలో ఆఱవ అధ్యాయము అధికారవిచారమునకు వినియోగింపబడినది. ఫలమును కోరువాడై, కర్మ చేయుటకు సమర్థుడై, దాని విధానమునెరిగినవాడై, శాస్త్రముచే నిషేధింపబడనివాడై యుండువానికే కర్మయందు అధికారమని మీమాంసకుల సిద్ధాంతము. మొదటి మూడు లక్షణములు ఏ కాలమునకైనను, ఏ పనికైనను తగినవి. స్విచ్ ముందు కూర్చుండువాని విషయమున గూడ వానిని మించి అడుగవలసినది కొద్దియే. నాల్గవదాని చాటున మాత్రము మన సమాజము శతాబ్దులతరబడి పుట్టుకను తలుపునకు గడియగా పెట్టినది. బ్రహ్మసూత్రములలోని అపశూద్రాధికరణమునకు భాష్యములు వ్రాసిన మహామేధావులు సైతము ఆ గడియను తీయలేదు. ఈ విషయమున శాస్త్రమును సమర్థించుటకు నా మనసొప్పదు. పనికి కావలసిన జ్ఞానము కలదా, ఆ పని వానికి అప్పగింపబడినదా అను రెండుతప్ప మూడవది అడుగని అధికారవ్యవస్థయే ధర్మ్యమని నేను తలంచుచున్నాను.

అట్లని మీమాంసను మూసిపెట్టినచో ఒక అమూల్యమైన వివేకమును కోల్పోదుము. సోమయాగమువంటి మహాయజ్ఞములలో కర్మను చేయువారు ఒకరు, ఫలమును పొందువారు వేరొకరు. అధ్వర్యుడు ఆహుతులు వేల్చును, హోత ఋక్కులు పఠించును, ఉద్గాత సామములు గానము చేయును. ఐనను స్వర్గము వారిది కాదు. దీక్ష వహించి, ద్రవ్యమిచ్చి, వారిని వరించిన యజమానునిదే ఫలము. ఋత్విక్కులకు దక్షిణ మాత్రమే. చేతులు ఒకరివి, ఫలము వేరొకరిది అను ఈ ఏర్పాటును మీమాంసకులు ఎంతో నిశితముగా చర్చించిరి. ఒకవైపున, వేదిముందర ఋత్విక్కునకు గల అధికారము సంపూర్ణమైనది. హవిస్సును ఎప్పుడు వేల్వవలెనో యజమానుడు వానికి నేర్పడు. మరియొకవైపున, ఆ వేదిలో ఒక ఇటుకయైనను వాని సొత్తు కాదు. స్విచ్ నిర్వహించు ఇంజనీరు స్థితి సరిగా ఇదియే. ఆతడు 15వ మెట్టున నిలిచినప్పుడు యంత్రము ఆతని మాటకు ఎదురాడదు. కాని దాని గుండా ప్రవహించు ఉత్తరములు, లెక్కలు, రోగుల వివరములు వేనిలోను ఆతనికి భాగము లేదు.

యజ్ఞశాలలో బ్రహ్మ అను నాల్గవ ఋత్విక్కు గలడు. ఆతడు అగ్నికి దక్షిణదిశయందు కూర్చుండి, ప్రాయికముగా మౌనము వహించి, మిగిలినవారి కర్మలనన్నింటిని గమనించుచుండును. ఎక్కడనైనను లోపము జరిగెనేని ప్రాయశ్చిత్తమును విధించును. ఇట్టి పరిశీలకుని కొరకే నెట్‌వర్క్ నిర్వాహకులు గూడ తమ వ్యవస్థను మూడు ప్రశ్నలపై నిలిపిరి: నీవెవరవు, నీవేమి చేయవచ్చును, నీవేమి చేసితివి. ఈ మూడింటికిని సమాధానము స్విచ్‌లోనే కాక, వేరొకచోట నున్న సర్వరులో నుండును. టాకాక్స్ ప్లస్ అను పద్ధతిలో, ఇంజనీరు కొట్టిన ప్రతి ఆజ్ఞను స్విచ్ ముందుగా ఆ సర్వరునకు నివేదించి, ఇతడు దీనిని చేయవచ్చునా యని అడుగునట్లును, చేసిన పిదప దానిని అచ్చటనే వ్రాయించునట్లును ఏర్పాటు చేయవచ్చును. రేడియస్ అను మరియొక పద్ధతి మొదటి రెండు ప్రశ్నలను కలిపివేసి, ప్రవేశమిచ్చునప్పుడే అధికారమును గూడ ఇచ్చివేయును. ఇంటర్నెట్ వినియోగదారులను లోనికి విడుచుటకు అది చాలును. కాని యంత్రములను మార్చువారి విషయమున మొదటి పద్ధతియే ఉత్తమమని నా అభిప్రాయము. లోనికి వచ్చినవాడెల్ల అన్నియు చేయదగినవాడని తలచుట ఎంతటి అనర్థమో చెప్పనక్కరలేదు. ఇందులో నన్ను ఆలోచింపజేసినదేమనగా, చేసినదానిని వ్రాయు పుస్తకము చేసినవాని చేతికి అందనిచోట నుండవలెనను నియమము. స్విచ్‌లోని చిట్టాను 15వ మెట్టున నున్నవాడు తుడిచివేయగలడు, దూరసర్వరులోనిదానిని తుడువలేడు. సాక్షి, కర్త ఒక్కడే యైనచోట సాక్ష్యము నిలువదని మన తార్కికులు ఎప్పుడో ఎరుగుదురు.

ఇచ్చట ఒక గంభీరమైన ఆక్షేపము పుట్టును. నిష్కామకర్మను బోధించిన గీత, నేను చేయుచున్నానను అహంకారమును విడువుమనుచున్నది గదా; అట్టిచో ప్రతి ఆజ్ఞను ఒక పేరునకు ముడివేసి, నీవే చేసితివని ఎత్తిచూపు ఈ వ్యవస్థ కర్తృత్వాభిమానమును పెంచునది కాదా? ఈ ఆక్షేపమును తేలికగా త్రోసివేయరాదు. కాని గీత పదునెనిమిదవ అధ్యాయములో ఏ కర్మకైనను ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, నానావిధచేష్టలు, ఐదవది దైవము. తానొక్కడే చేయువాడనని తలచువానిని ఆ గ్రంథము మందబుద్ధియన్నది. అంతే గాని కర్తను ఆ ఐదింటిలోనుండి తీసివేయలేదు. సర్వరు చిట్టాలోని ఒక పంక్తిని చూడుడు: ఏ యంత్రము, ఏ పేరు, ఏ ద్వారము, ఏ ఆజ్ఞ, ఏ సమయము. గీత చెప్పిన ఐదింటితో ఇది అక్షరాల సరిపోవునని నేననను. కాని కర్తను అనేకకారణములలో ఒకనిగా, వానికి దక్కవలసిన పరిమాణములో, అతిశయము లేక, లోపము లేక నిలుపుటయే రెండింటి తాత్పర్యము.

దీనికి విరుద్ధమైన ఆచారము మన కార్యాలయములలో విస్తారముగా వ్యాపించియున్నది. పదిమంది ఇంజనీర్లకు కలిపి అడ్మిన్ అను ఒక్క పేరు, దానికొక్క పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటింపబడును, ఉద్యోగము విడిచిపోయినవారికి గూడ అది జ్ఞాపకముండును. రాత్రి ఒక పోర్టు మూతపడినచో చిట్టాలో అడ్మిన్ మూసెనని యుండును. ప్రొద్దుననే పదిమందియు తాము కామందురు, ఆ పదిమందియు సత్యమే చెప్పుచున్నట్లు కనబడును. పైకి చూడగా ఇచ్చట అహంకారమెవ్వరికిని లేదు. నేను చేసితినను వాడొక్కడును లేడు. ఐనను ఇది నిరహంకారమని ఎవరనగలరు? సన్యాసి తన పూర్వనామమును విడిచినప్పుడు, దానితోపాటు దాని ఆస్తులను, హక్కులను, సుఖములను విడుచుచున్నాడు. ఈ పదిమంది విడిచినది భారమును మాత్రమే, శక్తిని గట్టిగా పట్టుకొనియే యున్నారు. ఫలమును విడిచి కర్తృత్వమును వహించుట యోగము. కర్తృత్వమును విడిచి శక్తిని అనుభవించుట దానికి సరిగా తలక్రిందైన స్థితి, అది యోగమువలె నటించుట మరింత ప్రమాదకరము.

ఒకే పేరుక్రింద ఇద్దరు పనిచేయుటవలన ఏమి జరుగునో ఈ విద్య శైశవములోనే తెలియవచ్చెను. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయములో ఫెర్నాండో కార్బాటో నాయకత్వమున నిర్మింపబడి, 1961లో మొదటిసారి ప్రదర్శింపబడిన సీటీఎస్ఎస్ అను వ్యవస్థ, ఒక కంప్యూటరును ఎందరో ఏకకాలమున వాడుకొనుటకు వీలుకల్పించినవానిలో అగ్రగణ్యమైనది. ఎవరి దస్త్రములు వారికే దక్కుటకై పాస్‌వర్డు అందులో వాడుకలోనికి వచ్చెను. ఒక్కొక్క వాడుకరికి ఒక్కొక్క ఆవరణ; ఒక ఆవరణలో ఒకసారికి ఒక్కడే. వ్యవస్థకు సంబంధించిన మూలదస్త్రములు గూడ అట్టి ఒక ఆవరణలోనే యుండెను. నిర్వాహకుల సంఖ్య డజను వరకు పెరుగగా, తమకు మాత్రము ఈ నియమము అడ్డుగా నున్నదనియు, తాము జాగ్రత్తగా నుందుమనియు వారు ప్రాధేయపడిరి, కార్బాటో ఒప్పుకొనెను. ఒకనాడు ఇద్దరు నిర్వాహకులు ఆ ఆవరణలోనే కూర్చుండి, ఒకరు ఆ దినపు ప్రకటనను, మరియొకరు పాస్‌వర్డుల పట్టికను సవరించుచుండిరి. దస్త్రములను దిద్దు ఉపకరణము ఒక్కడే యుండునను భావనతో తన తాత్కాలికదస్త్రమునకు ఎల్లప్పుడును ఒకే పేరు పెట్టుచుండెను. రెండు దస్త్రములు తారుమారాయెను. అటుపిమ్మట లాగిన్ చేసిన ప్రతివానికిని ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులు తెరపై ప్రత్యక్షమాయెను. ట్యూరింగ్ పురస్కారమును స్వీకరించినప్పటి తన ఉపన్యాసములో కార్బాటో ఈ కథను దాపరికము లేక చెప్పెను. ఆ నిర్వాహకులు దుర్మార్గులు కారు, సమర్థులు, జాగరూకులు. నియమము అందరికి గాని మాకు కాదు అను ఒక్క మినహాయింపే అంతపని చేసెను. మినహాయింపు కోరువారు ఎప్పుడును పైమెట్టున నున్నవారే యగుట గమనింపదగినది.

రహస్యమును గూర్చి యోచించినప్పుడు నాకు భగవద్రామానుజుల వృత్తాంతము స్ఫురించును. తిరుక్కోష్టియూరులో గోష్ఠీపూర్ణులవద్ద పలుమారులు తిరిగి తిరిగి సంపాదించిన మంత్రార్థమును, ఎవ్వరికిని చెప్పవలదన్న గురువాజ్ఞను మీరి, ఆయన గోపురమెక్కి అందరికిని ప్రకటించెననియు, తనకు నరకము వచ్చినను పెక్కుమంది తరించుట మేలని గురువునకు విన్నవించెననియు వైష్ణవసంప్రదాయము చెప్పుచున్నది. ఆ ఔదార్యమునకు నమస్కరించువాడు పాస్‌వర్డును దాచుమని ఎట్లు చెప్పును? విచారించినచో ఈ రెండు రహస్యములు వేరు జాతులకు చెందినవని తోచుచున్నది. మంత్రము జ్ఞానము, పదిమందికి చెప్పినంతమాత్రమున చెప్పినవానిది తరుగదు, విన్నవాడు దానిని తన మేలుకే వాడుకొనును, దాని ఫలము వానికే. పాస్‌వర్డులో జ్ఞానమేమియు లేదు. అది ఇతరుల వ్యవహారమును మార్చు శక్తికి ఒక మనిషి పెట్టిన పూచీ; పదిమంది చేతిలో పడిన వెంటనే శక్తి పదింతలగును, పూచీ మాయమగును. కావున స్విచ్ పనిచేయు విధానమును, దాని ఆజ్ఞలను, దాని లోపములను గోపురమెక్కి చాటవలెను. అవి విద్య, విద్యకు గడియ పెట్టుట పాపము. పూచీని మాత్రము ఎవనిది వాడే మోయవలెను. ఒకప్పుడు టెల్నెట్ అను పద్ధతిలో పాస్‌వర్డు తీగవెంబడి విప్పిన ఉత్తరమువలె పోవుచుండెను, దారిలో ఎవరైనను చదువుకొనవచ్చును. హెల్సింకిలోని సాంకేతికవిశ్వవిద్యాలయములో అట్టి దొంగతనము జరుగగా, అచ్చటి తాతు యూలొనెన్ 1995లో ఎస్ఎస్‌హెచ్ అను గూఢమార్గమును నిర్మించెను. ఇంత కాలము గడచినను ఇంకను టెల్నెట్‌ను తెరచియుంచిన స్విచ్చులు కనబడుట విచారకరము.

ఇప్పుడు నా ప్రశ్నకు ప్రాణమైన ఘట్టమునకు వత్తును. 2008 జూలైలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఒక విచిత్రమైన సంఘటన జరిగెను. నగరప్రభుత్వ కార్యాలయములను కలుపు ఫైబర్‌వ్యాన్ అను నెట్‌వర్కును నిర్మించుటలో ముఖ్యపాత్ర వహించిన ఉద్యోగి ఒకడు, దాని సర్వాధికారమును క్రమక్రమముగా తన యొక్కని చేతిలో నుంచుకొనెను. పై అధికారులు పాస్‌వర్డులడుగగా ఇయ్యలేదు, ఇచ్చినవి పనిచేయలేదు. కొన్ని యంత్రములలో ఆతడు అమరికలను స్థిరమైన జ్ఞాపకములో వ్రాయక విడిచెను; విద్యుత్తు తీసి మరల పెట్టినచో ఆ అమరికలే యుండవు. నగరము తన నెట్‌వర్కునకు తానే పరాయిదాయెను. ఆతనిని నిర్బంధించి, 50 లక్షల డాలర్ల జామీను విధించిరి. తుదకు మేయరు గావిన్ న్యూసమ్ స్వయముగా చెరసాలకు పోగా ఆయనకు మాత్రమే ఆ ఉద్యోగి పాస్‌వర్డులు చెప్పెను. 2010లో న్యాయస్థానము ఆతనిని దోషిగా నిర్ణయించి నాలుగేండ్ల శిక్ష విధించెను. తీర్పు చెప్పిన జ్యూరీలో ఒక నెట్‌వర్క్ ఇంజనీరు గూడ ఉండెను.

ఈ కథలో ఒక విషయమును మరువరాదు. ఈ వివాదము నడచిన దినములన్నింటను ఆ నెట్‌వర్కు నిరాటంకముగా పనిచేసెను. ఆ మనిషి దానిని చెరుపలేదు. అసమర్థుల చేతికి పోయిన చెడునని ఆతడు నమ్మెను; పదిమంది వినుచుండగా ఫోనులో పాస్‌వర్డు చెప్పుట భద్రతానియమమునకు విరుద్ధమని ఆతని పక్షమున వాదింపబడెను. ఆ వాదములో సత్యాంశము లేకపోలేదు. పైన చెప్పిన దానిని బట్టి నేను గూడ దానిని కాదనజాలను. ఆతనిని దొంగయని తీసివేయుట సులభము, కాని ఆతడు దొంగిలించినదేమియు లేదు. దొంగకంటె సూక్ష్మమైన పొరపాటు ఆతనిది. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమును అధ్యాసవిచారముతో ప్రారంభించుచు, పుత్రభార్యాదులు క్షేమముగా నున్నప్పుడు నేనే క్షేమముగా నున్నాననియు, వారికి కొరతవచ్చినప్పుడు నాకే కొరతవచ్చెననియు మనుష్యుడు బాహ్యధర్మములను ఆత్మయందు ఆరోపించుకొనునని వివరించిరి. ఆ ఉద్యోగి పుత్రునిపై చేయు ఆరోపమును తీగలపై చేసెను. తాను కట్టినదానిని తానే యనుకొనెను. దానిని ఇతరులు ముట్టుట తన దేహమును ముట్టుటగా తోచెను. ప్రేమతో చేసిన పనిలో ఈ ప్రమాదమెక్కువ. నిర్లక్ష్యముగా పనిచేయువానికి ఇట్టి అధ్యాస కలుగనే కలుగదు. అందుచేతనే ఆతని కథ నాకు బాధ కలిగించుచున్నది. ఋత్విక్కు యజ్ఞమును ప్రేమించి ప్రేమించి, యజమానుని యజ్ఞశాలనుండి వెలుపలికి నెట్టి తలుపు వేసికొనెను.

తుదకు మేయరునకు చెప్పుటలో ఆతనికొక తర్కముండవచ్చును. పురజనులు ఎన్నుకొన్నవాడు గనుక యజమానుల ప్రతినిధి ఆయనయే యని తలచెనేమో. కాని అప్పగింతకు పాత్రుని ఎన్నుకొను అధికారము తనకెక్కడిదని ఆతడు ప్రశ్నించుకొనవలసి యుండెను. తీసికొనువాడు అయోగ్యుడని తోచినప్పుడు ఆ మాటను వ్రాతపూర్వకముగా హెచ్చరించుట ఋత్విక్కు ధర్మము, అంతటితో వాని పని తీరినది. ఐతే నగరమునకు గూడ పాపములో పాలున్నదని నేననక తప్పదు. సర్వాధికారము ఒక్కని చేతికి పోవుచుండగా ఏండ్లతరబడి చూచుచు ఊరకున్నవారు, అది పోయిన పిమ్మట ఆశ్చర్యపడుటకు అర్హులు కారు. ప్రతి పనివానికిని తన పనికి కావలసినంత అధికారమే, అంతకు మించక, ఉండవలెనను సూత్రమును జెరోమ్ సాల్ట్జర్, మైకేల్ ష్రోడర్ అనువారు 1975లోనే తమ ప్రసిద్ధవ్యాసమున విశదపరచియుండిరి. ఆ సూత్రమును పాటించియుండినచో ఆ మనిషికి అట్టి పరీక్షయే వచ్చియుండదు. శక్తిని మితముగా ఇచ్చుట పుచ్చుకొనువానియందు అవిశ్వాసమనుకొందురు. అది వాని ఆత్మకు చేయు రక్షణ.

అధికారమునకు పరిమాణమెంత ముఖ్యమో కాలావధియు అంత ముఖ్యము. సోమయాగమున యజమానుడు దీక్షతో లోనికి వచ్చును, అవభృథస్నానముతో వెలుపలికి పోవును. స్నానముతో దీక్షాచిహ్నములు విడువబడును. స్విచ్‌లో సెషన్ అట్టిదే. సిస్కో యంత్రములలో పది నిమిషములు ఏ అక్షరమును కొట్టకున్నచో సెషన్ తనంతట తాను ముగియును. అది నిర్మాతలు పెట్టిన సహజావధి. ఈ అవధిని సున్నచేసినచో సెషన్ ఎన్నటికిని ముగియదు. మాటిమాటికి లాగిన్ చేయుట విసుగని కొందరు అట్లే చేయుదురు. అట్టివాడొకడు కన్సోల్ నుండి లాగౌట్ చేయక తీగ పీకి పోయెనా, తరువాత ఎవడు వచ్చి అచ్చట తీగ తగిల్చినను, వానికి పేరడుగకయే 15వ మెట్టు సిద్ధముగా నుండును. చిట్టాలో మాత్రము వెళ్లిపోయినవాని పేరే పడుచుండును. చేయనిదానికి కర్త యగుట అతని పాలగును. దూరమునుండి వచ్చువారికి ఇట్టి స్విచ్చులలో సాధారణముగా పదునాఱు ద్వారములుండును. ముగియని సెషన్లతో అవి యన్నియు నిండిపోయినచో, ఆపదవేళ పరుగెత్తివచ్చిన నిజమైన అధికారికి ప్రవేశము దొరకదు. పదవీకాలము తీరినను పీఠము దిగనివారివలన వచ్చువారికి ఎట్టి ఇక్కట్టో రాజ్యచరిత్రలలో చదివితిమి. ఇచ్చట అది ఎవరి దురాశయు లేక, కేవలము మరపుచేతనే సంభవించుచున్నది.

దూరమునుండి అపాయకరమైన మార్పు చేయవలసివచ్చినప్పుడు అనుభవజ్ఞులు ఒక పద్ధతి నవలంబింతురు. స్విచ్‌లో ఇప్పుడు నడచుచున్న అమరిక వేరు, స్థిరముగా భద్రపరచిన అమరిక వేరు. మార్పులన్నియు మొదటిదానిలోనే జరుగును. కావున మార్పునకు ముందు వారు, పది నిమిషములలో నీకు నీవే మరల ప్రారంభము కమ్మని యంత్రమునకు ఆజ్ఞాపింతురు. మార్పు వికటించి తమ ప్రవేశమే తెగిపోయినచో, యంత్రము గడువునకు తనంతట నిద్రలేచి పాత అమరికకు పోవును. మార్పు సఫలమైనచో ఆ ఆజ్ఞను రద్దుచేసి కొత్త అమరికను భద్రపరతురు. కర్మకు పూర్వమే దాని ప్రాయశ్చిత్తమును సంకల్పించి కూర్చుండుట ఇది. తాను తప్పవచ్చునని, తప్పినప్పుడు దిద్దుటకు తానక్కడ ఉండకపోవచ్చునని ఎరిగి పనిచేయువాని వినయము నాకు పెక్కు ఉపన్యాసములకంటె ఉదాత్తముగా కనబడును.

నియమములన్నియు విఫలమగు ఘడియ గూడ ఒకటి కలదు. పేర్లను పరీక్షించు సర్వరే తీగ తెగి అందనప్పుడు ఎవరిని లోనికి రానియ్యవలెను? భారతములోని శాంతిపర్వమున ఆపద్ధర్మమునకు ప్రత్యేకముగా ఒక ఉపపర్వమున్నట్లే, ప్రతి జాగ్రత్తగల సంస్థలోను ఇట్టి వేళకై స్విచ్‌లోపలనే ఒక పేరును, దానికొక దీర్ఘమైన పాస్‌వర్డును అమర్చి, ఆ పాస్‌వర్డును కవరులో పెట్టి లక్క ముద్రవేసి బీరువాలో నుంతురు. సర్వరు అందుచున్నంతకాలము ఆ పేరు పనిచేయకుండునట్లు ఏర్పాటుండును. దానిని తెరచినవాడు ఎందుకు తెరచెనో, ఏ గంటకు తెరచెనో, ఏమేమి ఆజ్ఞలు కొట్టెనో తన చేతితో పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెను. సర్వరు మరల అందిన దినముననే వేరొకడు స్విచ్‌లోని అమరికను ఆ వ్రాతతో సరిచూచి, పాస్‌వర్డును మార్చి, కొత్త కవరునకు ముద్రవేయవలెను. కొన్నిచోట్ల ఈ రెండవభాగమును చేయువారు లేక, ఆపదలో తెరచిన కవరు ఏడాది పొడుగునను బల్లపై పడియుండి, ఆపద్ధర్మమే నిత్యధర్మమై పోవుచున్నది.